యాషికా మ్యాట్ 124జి: పైన అద్దంలో షార్ప్, ఫిల్మ్ మీద మసక

భీమారం_బుల్లోడు
యాషికా మ్యాట్ 124జి అనే పాత ఫిల్మ్ కెమెరా ఒకటి చేతికొచ్చింది. టీఎల్ఆర్, అంటే పై లెన్స్‌తో చూడటం, కింది లెన్స్‌తో తీయడం. హెచ్‌పీ5 అనే నలుపు తెలుపు ఫిల్మ్ ఒక రోల్ లాగించి కడిగా. పన్నెండులో పనికొచ్చినవి నాలుగు. పై అద్దం మీది భూతద్దం ఎత్తి కంటి రెప్పల దాకా షార్ప్‌గా చూసుకుని లెన్స్ కన్ను పూర్తిగా తెరిచి ఎఫ్ 3.5లో కొట్టినవన్నీ మెత్తగా వచ్చాయి. మొహం కంటే వెనక తడికే బాగా కనపడుతోంది. దూరంగా, కన్ను చిన్నది చేసి ఎఫ్ 11లో తీసినవి మాత్రం బానే ఉన్నాయి. నెగటివ్ అంచుల్లో నల్లగా పొగ కొట్టింది. సెకను, అర సెకను పెడితే షట్టర్ తెరుచుకుని కునుకు తీస్తోంది. కింది లెన్స్‌లో టార్చ్ వేస్తే ఓ మూల సాలెగూడు లాంటిది ఉంది. మీటరు ముల్లు కదులుతోంది గానీ దాని మాట నమ్మొచ్చో లేదో తెలీదు. ముందు దేన్ని పట్టుకోవాలి? అసలు బాగుచేయడం దండగా?

యానాం_యాపర్చర్
దండగ కాదండి. మీరు చెప్పినవి ఐదు జబ్బులు, దేని దారి దానిదే. అన్నిటికీ కలిపి ఒకే కషాయం లేదు.

పంటుకళాసీ
అంచుల పొగ సంగతి ముందు తేల్చండి, అది చవక. పొగ ఫ్రేమ్ దాటి, అక్షరాలు నంబర్లు ఉండే ఖాళీ అంచు దాకా వెళ్లిందా? లేక బొమ్మ చతురస్రం లోపలే ఆగిందా?

భీమారం_బుల్లోడు
అంచు దాకా ఉంది. అంచు నుంచే లోపలికి పాకినట్టుంది. అన్ని ఫ్రేముల్లోనూ ఒకే చోట లేదు, రోల్ చివర్లో ఎక్కువ.

పంటుకళాసీ
అయితే లెన్స్ వైపు తప్పు కాదు. లోపలి నుంచి వెలుతురు జొరబడితే ఫిల్మ్ గేటు (బొమ్మ పడే చట్రం) అంచే దాన్ని ఆపేస్తుంది, పొగ బొమ్మ లోపలే ఉంటుంది. ఖాళీ అంచు నల్లబడిందంటే వెనక తలుపైనా కావాలి, రోల్ వదులుగా చుట్టుకోవడమైనా కావాలి. తలుపు లీకైతే ప్రతి ఫ్రేమ్‌లో ఒకే చోట కొడుతుంది. మీది అలా లేదు, పైగా చివర్లో ఎక్కువ. వదులు రోల్ లక్షణం అది.

లోడ్ చేసేటప్పుడు కొత్త రోల్ కింద, ఖాళీ స్పూల్ పైన. కాగితం నాలుకని పై స్పూల్ గాడిలో నిటారుగా దూర్చాలి, వంకర పోతే ఒక పక్క ఉబ్బుతుంది. ఇక్కడ్నుంచే అసలు పని. కింది రోల్ మీద ఎడం బొటనవేలు ఆనించి, కాస్త బిగువు ఉంచుతూ, కుడి చేత్తో క్రాంక్ నెమ్మదిగా తిప్పండి. బాణం గుర్తు స్టార్ట్ గుర్తు దగ్గరికొచ్చే దాకా వేలు తీయొద్దు. తలుపు మూసి ఒకటో నంబర్ దాకా తిప్పండి. అయిపోయాక రోల్ బయటికి తీసేటప్పుడు కాగితం విప్పుకోకుండా వేలితో పట్టుకుని, బిగువుగా ఉందో లేదో చూసి, జిగురు పట్టీ తడిపి అంటించండి. వదులైతే దాన్ని మెలిపెట్టి బిగించకండి, ఫిల్మ్ గీసుకుంటుంది. అలాగే వెలుతురు తగలని డబ్బాలో పడేయండి.

లోడింగూ అన్‌లోడింగూ ఎండలో చేయొద్దు. కొబ్బరి చెట్టు నీడ నీడ కాదు, ఆకుల సందుల్లోంచి పడే చుక్కలు చాలు. వీపు ఎండకి పెట్టి మీ నీడలోనే చేసుకోండి.

కొబ్బరాకు
నా పేరు మీద ఇంత అపవాదా.

చించినాడ_చిన్నోడు
కళాసీ గారు చెప్పినదానికి తోడు ఒకటి. 124, 124జి రెండింటికీ వెనక తలుపులో ఫిల్మ్‌ని అదిమి పట్టే ప్రెషర్ ప్లేటు 120, 220 అనే రెండు రకాల ఫిల్మ్‌కీ జరుగుతుంది. పాత ఓనరు 220లో వదిలేసి ఉంటే తేడా వస్తుంది. 220 ఫిల్మ్‌కి వెనక కాగితం ఉండదు కాబట్టి సందు తక్కువ, అందులో 120 పెడితే నలిగినట్టు బిగుసుకుని తిప్పడం బరువవుతుంది. 120కి 12 ఫ్రేములు, 220కి 24. తలుపు తెరిచి ఓసారి చూసుకోండి. 124జి తలుపు సందుల్లో స్పాంజి కూడా ఈపాటికి తారులా కారిపోయి ఉంటుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో నానబెట్టి వెదురు పుల్లతో గీకేసి, నల్ల స్పాంజి పట్టీగానీ నల్ల ఉన్నిదారంగానీ వేయండి. స్క్రూడ్రైవర్‌తో గీకొద్దు, రంగు లేచిపోతుంది.

లంకలపంతులు
అసలు జబ్బు మెత్తదనం. దాని దగ్గరికి ఎవరూ రావట్లేదు.

మొహం మీద ఫోకస్ పెడితే వెనక తడిక షార్ప్‌గా వచ్చిందంటే, పై లెన్సూ కింది లెన్సూ ఒకేచోటికి చూడట్లేదు. రెండూ ఒకే పలక మీద ముందుకీ వెనక్కీ కదులుతాయి. పైది మీరు చూసే పై అద్దంలోకి, కిందిది ఫిల్మ్ మీదికి. రెండూ ఒక్క దూరానికే కలిసేలా ఫ్యాక్టరీలో కట్టేస్తారు. ఎవరో లెన్స్ తుడవడానికి విప్పి, సరిగ్గా కూర్చోబెట్టకుండా బిగించి ఉంటారు. లేదా లోపలి ఏటవాలు అద్దం మార్చి ఉంటారు. 80 ఎంఎం లెన్స్, 2 మీటర్ల దూరం, ఎఫ్ 3.5 అంటే ముందూ వెనకా కలిపి షార్ప్‌గా ఉండేది 20 సెంటీమీటర్ల పైచిలుకే. ఎఫ్ 8కి అది అర మీటరు. అందుకే ఎఫ్ 11లో మీకు తప్పు కనపడలేదు.

పరీక్ష ఇలా. గరుకు అద్దం ముక్క కావాలి. 2 ఎంఎం మామూలు గాజు, వెడల్పు 61 ఎంఎం దాటకుండా, పొడవు 70 ఎంఎంకి కోయించండి. ఆటో సామాన్ల కొట్లో వాల్వ్ గ్రైండింగ్ పేస్ట్ దొరుకుతుంది. ఇంకో గాజు మీద అది రాసి, రెండు చుక్కల నీళ్లేసి, ఎనిమిది అంకెలా తిప్పుతూ పది నిమిషాలు రుద్దితే ఒక వైపు పాలలా తయారవుతుంది. అంచులు కూడా రుద్దండి, లేకపోతే వేలు తెగుతుంది.

తలుపు తెరిస్తే ఫిల్మ్ గేటుకి రెండు జతల పట్టాలుంటాయి. బయటి జత మీద ప్రెషర్ ప్లేటు ఆనుతుంది, లోపలి జత మీద ఫిల్మ్ పోతుంది. గాజు లోపలి జత మీదే కూర్చోవాలి, గరుకు వైపు లెన్స్ వైపుకి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. గాజు వెడల్పు ఎక్కువై బయటి పట్టాల మీద ఆనితే లేని తప్పు చూపిస్తుంది, ఉన్న తప్పు దాస్తుంది. రెండు రబ్బరు బ్యాండ్లతో కట్టండి.

రాత్రి పూట మేడ మీద స్టాండ్ వేసి, దూరపు సెల్ టవర్ ఎర్ర లైటు పట్టుకోండి. మన డెల్టా చదునుగా ఉండటం ఇందుకైనా పనికొచ్చింది. అర కిలోమీటరు దాటితే చాలు. ఎఫ్ 3.5, షట్టర్ బీలో (వదిలే దాకా తెరిచే ఉంటుంది) పెట్టి, నొక్కే తీగ కేబుల్ రిలీజ్ లాక్ చేయండి. వెనక గాజు మీద భూతద్దంతో చూస్తూ ఆ చుక్క అతి చిన్నదయ్యే దాకా నాబ్ తిప్పి వదిలేయండి. ఇప్పుడు నాబ్ కదపకుండా పై అద్దంలో చూడండి. అక్కడ కూడా చుక్క చుక్కలా ఉంటే కెమెరా మంచిదే, మీ కళ్లజోడు నంబరు మారింది. పైన ఉండలా కనపడితే తప్పు పై లెన్స్‌ది.

యానాం_యాపర్చర్
పంతులు గారూ, గాజు రుద్దే ఓపిక లేనివాళ్లకి సెల్లోటేపు మార్గం కూడా చెప్పండి. పాలరంగు టేపు లోపలి పట్టాల మీద అంటిస్తే సరిపోతుంది కదా.

లంకలపంతులు
టేపు కుంగుతుంది. మధ్యలో అర మిల్లీమీటరు లోపలికి పోయినా చెప్పేది అబద్ధమే. పెద్ద తేడా ఉందా లేదా తెలుసుకోవడానికి వాడుకోండి, సర్దడానికి మాత్రం గాజే.

యానాం_యాపర్చర్
ఒప్పుకున్నా. పాడైన కెమెరా నుంచి తీసిన పాత ఫోకసింగ్ స్క్రీన్ ఉంటే దాన్నే కోసుకోవచ్చు, రుద్దే పని తప్పుతుంది.

భీమారం_బుల్లోడు
తప్పు పై లెన్స్‌దే అని తేలితే సర్దేది ఎలా?

లంకలపంతులు
ఎప్పుడూ కింది లెన్స్‌ని ముట్టుకోవద్దు. ఫిల్మ్‌కి అదే నిజం. కింది లెన్స్ టవర్ మీద ఫోకస్ అయి ఉండగానే, పై లెన్స్‌ని దాని గొట్టంలో వెంట్రుకంత వెంట్రుకంత తిప్పి పై అద్దంలో చుక్క చిన్నదయ్యేలా చేసి బిగించాలి. యాషికాల్లో పై లెన్స్‌ని పక్కనుంచి చిన్న స్క్రూలు పట్టుకుని ఉంటాయి. పూర్తిగా తీయొద్దు, సడలిస్తే చాలు. తర్వాత నాబ్ మీద గుర్తు అనంతం దగ్గర ఉందో లేదో చూసుకోండి, లేకపోతే నాబ్ చక్రం సడలించి తిప్పి బిగించడమే, అది కేవలం అంకెల సంగతి. చివర్లో ఒక మీటరు దూరంలో న్యూస్ పేపర్ పెట్టి మళ్లీ రెండూ పోల్చండి. దూరంలో కలిసి దగ్గర్లో కలవకపోతే లోపలి అద్దమో పలకో వంకర. అది మీ పనీ నా పనీ కాదు.

డార్క్‌రూం_అబ్బులు
అద్దం మాట వచ్చింది కాబట్టి. టీఎల్ఆర్ అద్దానికి వెండి పూత ముందు వైపే ఉంటుంది, మన గోడ అద్దంలా వెనక కాదు. చొక్కా అంచుతో ఒక్కసారి తుడిస్తే పూత మీద గీతలు శాశ్వతం. బ్లోయర్‌తో ఊదండి, అంతే. మసకబారితే ముందు పూత ఉన్న అద్దమే కోయించి వేయాలి. మందం పాతదానితో సమానంగా ఉండాలి, లేకపోతే పంతులు గారి పరీక్ష మళ్లీ మొదటికొస్తుంది. గోడ అద్దం ముక్క వేస్తే ప్రతి గీతా రెండుగా కనపడుతుంది.

పూతరేకు
పూత అనగానే పరిగెత్తుకొచ్చా. నా శాఖ కాదని అర్థమైంది.

గౌతమి_పాయ
సాలెగూడు సంగతి నేను చెప్తా. టార్చ్ వెనక నుంచి వేయండి. తలుపు తీసి, బీలో షట్టర్ తెరిచి, వెనక నుంచి వెలుతురు పంపి ముందు నుంచి ఏటవాలుగా చూడండి. కొమ్మలు కొమ్మలుగా, వేళ్లలా పాకితే బూజు. సమానంగా పాలపొరలా ఉంటే లోపలి గ్రీజు ఆవిరై పేరుకున్న మసక, అది తుడిస్తే పోతుంది. అంచు దగ్గర నూనె చుక్కలా రంగులు మెరిస్తే లెన్స్‌ల మధ్య జిగురు ఊడుతోంది, దాన్ని ఇంట్లో ముట్టుకోకూడదు.

124జి లెన్స్ పేరు యాషినాన్, గాజుల అమరిక టెస్సార్ రకం. మొత్తం నాలుగు గాజులు, మూడు గుంపులు. షట్టర్ ముందు విడివిడిగా రెండు, షట్టర్ వెనక అంటించిన జంట ఒకటి. ముందు గుంపు మొత్తంగా రబ్బరు కప్పు అదిమి ఎడమ వైపుకి తిప్పితే ఊడి వస్తుంది. అలా తీస్తే రెండో గాజు వెనక వైపూ, షట్టర్ తెరిచి వెనక జంట ముందు వైపూ చేతికి అందుతాయి. ఎక్కువగా బూజు పట్టేది ఈ రెంటి మీదే. మెడికల్ షాపులో 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ తీసుకుని, దూది పుల్ల ముంచి, పిండి, గాజు మధ్య నుంచి అంచుకి గుండ్రంగా తుడవండి. తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో ఒకసారి, పొడి పుల్లతో ఒకసారి. చుక్క కారి అంచు సందులోకి పోకూడదు. ముందు గుంపు తిరిగి బిగించేటప్పుడు చివరిదాకా ఆనేలా బిగించండి, అర చుట్టు వదిలినా ఫోకస్ మారుతుంది. బుల్లోడి కెమెరాకి ఇదే జరిగి ఉండొచ్చు.

బూజు కోటింగ్‌ని తినేసి ఉంటే తుడిచినా గీతల ముద్ర ఉంటుంది. వెలుతురు ఎదురుగా లేనంత వరకూ ఫొటోలో ఏమీ తెలీదు. లెన్స్‌కి నీడ పట్టే బే-1 సైజు హుడ్ వేసుకోండి, అదే రోలీకార్డ్‌కీ సరిపోతుంది.

చించినాడ_చిన్నోడు
ఎండలో పెడితే బూజు చస్తుందిగా. గంటసేపు లెన్స్ సూర్యుడి వైపు పెట్టి వదిలేస్తే సరి.

గౌతమి_పాయ
మే నెల ఎండలో లెన్స్ సూర్యుడికి ఎదురు పెడితే ముందు వేడెక్కేది షట్టర్ బ్లేడ్లు. ఉన్న కాస్త నూనే కరిగి వాటి మీదికే పాకుతుంది. చచ్చినా గాజు మీది గూడు ఎక్కడికీ పోదు, తుడవాల్సిందే. పైగా కిటికీ దగ్గర పెట్టిన లెన్స్ పరదా కాల్చేయగలదు.

కొబ్బరాకు
బూజు పట్టిన కెమెరా పక్కన మంచి కెమెరా పెడితే అంటుకుంటుందంటారు, నిజమేనా?

గౌతమి_పాయ
బూజు గింజలు గాలిలోనే ఉంటాయండి. అమలాపురంలో మీరు పీల్చే గాలిలో లేనివా? మొలకెత్తడానికి తేమ కావాలి. తేమ 60 శాతం దాటి నిలబడితే మొలకెత్తుతాయి, అంటువ్యాధి గోల కాదు. మన దగ్గర వానాకాలం 80, 90 మామూలే.

గాలి చొరని మూతున్న 15 లీటర్ల ప్లాస్టిక్ డబ్బా ఒకటి, పావుకిలో సిలికా జెల్, చిన్న తేమ మీటరు. తేమ 40 నుంచి 50 మధ్య ఉంచండి. 30 కిందకి పోతే తోలూ గ్రీజూ ఎండుతాయి. జెల్ రంగు మారితే 120 డిగ్రీల ఓవెన్‌లో రెండు గంటలు. నీలం జెల్‌లో ఉండేది కోబాల్ట్, అది విషం. వంట మూకుడులో వేయించకండి, కావాలంటే నారింజ రంగు జెల్ కొనుక్కోండి. తోలు కేసు మాత్రం డబ్బాలో పెట్టొద్దు. అది స్పాంజి లాంటిది, తేమ పట్టి కెమెరాకి ఇస్తుంది.

పూతరేకు
బియ్యం డబ్బాలో పెట్టొచ్చంటారు మా వాళ్లు.

డార్క్‌రూం_అబ్బులు
పెట్టొచ్చు. షట్టర్ బదులు పురుగు తెరుచుకుంటుంది. బియ్యం తేమ పెద్దగా పీల్చదు, పైగా ఆ పిండి దుమ్ము ఫోకస్ గాడిలోకి పోతుంది.

పంటుకళాసీ
అంతర్వేది వైపు సముద్రం గాలికి వెళ్లొస్తే ఉప్పు పొర వదిలించుకోవాలి. మంచినీళ్లతో తడిపి బాగా పిండిన గుడ్డతో పైపైన తుడిచి, పొడి గుడ్డ. లెన్స్ మీద ముందు ఊదాలి, ఉప్పు గింజ ఉండగా తుడిస్తే గీత పడుతుంది.

యానాం_యాపర్చర్
షట్టర్ కునుకు మాట ఎవరూ ఎత్తలేదు. నెమ్మది వేగాల గేర్ల మీద పాత నూనె జిగురైపోయింది. ముందు ఎంత తప్పో కొలవండి. ఫోన్‌లో సెకనుకి 240 ఫ్రేముల స్లో మోషన్ పెట్టి, తలుపు తీసి వెనక నుంచి షట్టర్‌ని వీడియో తీయండి. తెరిచి ఉన్న ఫ్రేములు లెక్కపెట్టండి. 1 సెకనుకి 240, 1/4కి 60, 1/30కి 8 రావాలి. 1/125 దాటితే ఫోన్ లెక్క నమ్మొద్దు. 1/4కి 90 వస్తే అర స్టాపు పైన ఎక్కువ (ఒక స్టాపు అంటే వెలుతురు రెట్టింపు), అది ఫిల్మ్ భరిస్తుంది. సెకను మూడు సెకన్లైతే సర్వీసే.

సెల్ఫ్ టైమర్ ముట్టుకోకండి. పాత వాటిలో అది మధ్యలో ఆగితే షట్టర్ మొత్తం బిగుసుకుంటుంది.

చించినాడ_చిన్నోడు
లైటర్ పెట్రోల్ రెండు చుక్కలు వేస్తే కదులుతుంది కదా. ముందు గుంపు ఎలాగూ తీస్తున్నాడు.

యానాం_యాపర్చర్
కదులుతుంది, రెండు వారాలు. జిగురు కరిగి పక్కకి జరుగుతుంది గానీ బయటికి పోదు. ఆరాక బ్లేడ్ల మీద పొరగా మిగులుతుంది, అప్పుడు 1/500 కూడా నెమ్మదిస్తుంది. గేర్ల భాగం విప్పి కడగాలి, తర్వాత ఇరుసుల మీద గడియారం నూనె సూదిమొనంత. బ్లేడ్లకి ఎప్పుడూ నూనె ఉండకూడదు, అవి పొడిగానే తిరగాలి. స్ప్రే డబ్బా నూనెలు కొట్టే మెకానిక్ దగ్గరికైతే అసలు తీసుకెళ్లకండి.

చించినాడ_చిన్నోడు
అంత భయపడక్కర్లేదు గురూ. నెలకో రోల్ తీసేవాడికి 1/60 నుంచి 1/500 బాగుంటే చాలు. సెకను ఎవరు వాడతారు?

యానాం_యాపర్చర్
గుడి లోపల స్టాండ్ వేసి తీసేవాళ్లు వాడతారు. ద్రాక్షారామం మండపంలో నాలుగో వంతు సెకను దాటకుండా ఏం తీస్తారు?

లంకలపంతులు
ఇద్దరిదీ నిజమే. కాకపోతే పాత కాంపూర్-రాపిడ్ షట్టర్ ఉన్న రోలీ కెమెరాల వాళ్లు ఒకటి గుర్తుంచుకోండి, 1/500 కావాలంటే షట్టర్ ఎక్కించక ముందే తిప్పాలి. ఎక్కించాక తిప్పితే అదనపు స్ప్రింగ్ మీద బలవంతం పడుతుంది.

కొబ్బరాకు
మీటరు? బుల్లోడి ఐదో రోగం మిగిలిపోయింది.

డార్క్‌రూం_అబ్బులు
124జికి పీఎక్స్625 పాదరసం బ్యాటరీ, 1.35 వోల్టులు. ఇప్పుడు ఆ పాదరసం దొరకదు. అదే సైజు ఆల్కలైన్ 1.5 వోల్టులు వేస్తే మీటరు ఉన్నదానికంటే ఎక్కువ వెలుతురు ఉందనుకుంటుంది, ఫిల్మ్‌కి తక్కువ పడుతుంది. పైగా ఆల్కలైన్ వోల్టేజీ రోజురోజుకీ జారుతుంది. చెవి మిషన్‌కి వాడే 675 జింక్-ఎయిర్ వేయండి, 1.4 వోల్టులు, పక్కన రబ్బరు రింగు పెడితే కదలదు. స్టిక్కర్ పీకాక రెండు మూడు నెలలే. పై అద్దం మూత తెరిస్తే మీటరు ఆన్ అవుతుంది కాబట్టి సంచిలో మూత సరిగా మూసి ఉందో లేదో చూసుకోండి.

నిజానికి మీటరు లేకుండానే నయం. 400 ఫిల్మ్‌కి నిండు ఎండలో 1/500, ఎఫ్ 16. అరుగు మీద నీడకి నాలుగు స్టాపులు, అంటే 1/125, ఎఫ్ 8. గోదారి మీద పొద్దున మంచు తెరలా ఉంటే ఎండకంటే ఒకటిన్నర, రెండు స్టాపులు వదలండి. నీళ్లూ తెల్ల ఇసకా ఫ్రేమ్‌లో సగం ఉంటే మీటరు మోసపోతుంది. చేతి మీద, నీడ వైపు చూసుకుని తీయండి.

భీమారం_బుల్లోడు
కడగడం కూడా ఇంట్లోనే చేస్తున్నా. కుళాయి నీళ్లు 32 డిగ్రీలు ఉంటున్నాయి. ఐస్ వేస్తే డెవలపర్ పలచబడదా?

డార్క్‌రూం_అబ్బులు
ఐస్ లోపల వేయక్కర్లేదు. డి-76 డెవలపర్‌ని 1+1గా, అంటే సగం స్టాక్ సగం నీళ్లుగా వాడండి. ఒక 120 రోల్‌కి ట్యాంకులో 500 మిల్లీలీటర్లు. 250 స్టాక్ 32 డిగ్రీల్లో ఉందనుకోండి, దానికి 8 డిగ్రీల ఫ్రిజ్ నీళ్లు 250 కలిపితే సరిగ్గా 20కి వస్తుంది. హెచ్‌పీ5కి 20 డిగ్రీల్లో 11 నిమిషాలు. 24 దగ్గర ఆపితే సుమారు 8. ట్యాంకుని 22 డిగ్రీల నీళ్ల తొట్టిలో ఉంచి పోయండి, లేకపోతే గది వేడికి మధ్యలోనే నాలుగు డిగ్రీలు ఎక్కుతుంది. ఐదు నిమిషాల కంటే తక్కువ టైముకి వెళ్లొద్దు, మచ్చలు మచ్చలుగా వస్తుంది.

హైపో (ఫిక్సర్), కడిగే నీళ్లు కూడా అదే వేడిలో ఉండాలి, రెండు మూడు డిగ్రీల తేడా పర్లేదు. 20 నుంచి తీసి 32లో పడేస్తే ఫిల్మ్ మీది ఎమల్షన్ పూత ముడతలు పడుతుంది. నీళ్లు ఆదాకి ఇలా కడగండి: ట్యాంకు నింపి ఐదుసార్లు తిప్పి పారబోయండి, మళ్లీ నింపి పది, మళ్లీ నింపి ఇరవై. చివరి నీళ్లు డిస్టిల్డ్. మన బోరు నీళ్లలో ఉప్పు ఫిల్మ్ మీద చుక్కలు చుక్కలుగా ఆరిపోతుంది, నరసాపురం వైపు మరీను.

గౌతమి_పాయ
రీలు మీదికి ఎక్కించడమే మన దగ్గర కష్టం. వెలుతురు చొరని ఛేంజింగ్ బ్యాగులో చేతులు పెట్టిన రెండు నిమిషాలకి చెమట, ఫిల్మ్ అంటుకుంటుంది. రాత్రి కిటికీ లేని గదిలో, చీకట్లో చేయండి. రీలు హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టి ఉండాలి. ఫిల్మ్ చివర అంటించిన టేపు ఉంటుంది, దాన్ని పీకకుండా ఫిల్మ్ మీదికే మడిచి ఆ చివర్నే ముందు ఎక్కించండి, కరుగ్గా ఉండి ఇరుక్కోదు. పీకాల్సొస్తే నెమ్మదిగా, గబుక్కున పీకితే మిణుకుమని వెలుతురు వస్తుంది.

చించినాడ_చిన్నోడు
ఫిల్మ్ ఫ్రిజ్‌లో పెట్టేవాళ్లకి: తీసిన గంటన్నర దాకా కవరు విప్పొద్దు. మన గాలిలో వెంటనే చెమట పట్టి వెనక కాగితం మీది నంబర్లు ఫిల్మ్ మీద ముద్ర పడొచ్చు. తీసిన రోల్ కూడా కారు డ్యాష్‌బోర్డు మీద వదలకండి.

పంటుకళాసీ
సగం రోల్ నెలల తరబడి కెమెరాలో ఉంచినా అంతే. యాషికా, రోలీల్లో ఫిల్మ్ కింది రోలర్ మీద మలుపు తిరుగుతుంది, ఆ వంపు తర్వాతి ఫ్రేమ్‌లో తేలుతుంది. చాలా రోజుల తర్వాత తీస్తే ఒక ఫ్రేము వదిలేయండి. మినోల్టా ఆటోకార్డ్‌లో ఫిల్మ్ పై నుంచి కిందికి పోతుంది, గేటు దాటాకే మలుపు, ఆ బాధ లేదు.

కొబ్బరాకు
ఆటోకార్డ్ కొనమంటున్నారన్నమాట.

లంకలపంతులు
కొనేముందు అడుగున ఉండే ఫోకస్ లీవరు జరిపి చూడండి. గ్రీజు గట్టిపడి బిగుసుకుంటే బలవంతం మీద ఆ లీవరు విరుగుతుంది, అతికించడం కష్టం. బిగువుగా ఉందని అమ్మేవాడు చెప్తే మీరు కదపకండి.

పూతరేకు
నేను లూబిటెల్ 166 తీసుకుందామని చూస్తున్నా, చవక.

లంకలపంతులు
పై అద్దం గరుకు అద్దం కాదు, మధ్యలో చిన్న వృత్తమే ఫోకస్‌కి. లెన్స్ ఎఫ్ 4.5, మూడు గాజులు. ఎఫ్ 11లో ముచ్చటగా ఉంటుంది. వెనక ఎర్ర కిటికీ ఉంటే ఫిల్మ్ తిప్పేటప్పుడు తప్ప మూసి ఉంచండి.

భీమారం_బుల్లోడు
నిన్న రాత్రి గాజు పరీక్ష చేశా. కింది లెన్స్ టవర్ మీద చుక్కలా పడింది, నాబ్ అనంతం దగ్గరే ఉంది. పై అద్దంలో అదే చుక్క మినుముకున్నంత ఉండ. పై లెన్స్‌ని వేలితో పట్టుకుంటే కాస్త ఆడుతోంది, పక్క స్క్రూ ఒకటి అసలు లేదు.

ప్రెషర్ ప్లేటు 120లోనే ఉంది. సెకనుకి 240 రావాల్సింది 610 వచ్చాయి, 1/30కి 8కి 9.

లంకలపంతులు
అయితే ఏ స్క్రూ సైజో మిగతా రెంట్లో ఒకటి తీసి కొలుచుకో. అది దొరికే దాకా ఉన్న రెంటినీ బిగించి, ఎఫ్ 8లో తియ్. గట్టి జిగురు పూసి అంటించమని ఎవరైనా చెప్తే వినకు, మళ్లీ సర్దుకోవాల్సొస్తే ఊడదు.

యానాం_యాపర్చర్
1/30 బాగుంది, సెకను సర్వీసుకి. ఆ లోపు సెకను, అంతకంటే ఎక్కువ వాడాల్సొస్తే బీలో పెట్టి నోటితో లెక్కపెట్టుకో.

భీమారం_బుల్లోడు
సరే. ముందు గుంపు విప్పే రబ్బరు కప్పు ఎక్కడ దొరుకుతుంది?

గౌతమి_పాయ
ప్లంబింగ్ కొట్లో సింకు అడుగు బిగించే రబ్బరు వాషర్లు చూడు. లెన్స్ రింగు వ్యాసం కాలిపర్‌తో కొలుచుకుని, మధ్యలో గాజుకి తగలకుండా బోలుగా ఉన్నది ఏరుకో.